బొట్టు పెట్టిన డిస్కు

మదనపల్లెలో కంప్యూటర్ నేర్చుకున్నవాళ్లలో చాలామంది ఈ జోకు వినే ఉంటారు. పుంగనూరులో ఒక ఆఫీసుకు కొత్త హార్డ్ డిస్కు తెచ్చారట. అక్కడ పనిచేసే ఒకామె దానికి పెట్టాల్సిన బొట్టు పాతదానికి పెట్టిందట. కంప్యూటరాయన బొట్టు చూసి అదే కొత్తదనుకొని దానిమీద రాసేశాడట. మూడేళ్ల పని ఊదుబత్తి పొగలో కలిసిపోయిందట. ఇక్కడ అందరూ నవ్వుతారు. కుప్పంలో చెప్పేవాళ్లు చివర ఇంకో మాట కలుపుతారు: ఆమెకు మొగుడు లేడట, ఆ చేత్తో బొట్టు పెట్టించుకుంటే ఇంకేమవుతుంది అని.

ఆ జోకు మొదట చెప్పింది నేను. చివరి మాట నేను కలపలేదు. కానీ అది కలపడానికి చోటు వదిలింది నేనే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తొంభైల్లో డిగ్రీ అయ్యాక మదనపల్లెలో ఒక మిద్దె మీదున్న సెంటర్లో కంప్యూటర్ నేర్చుకొని, అక్కడే నేర్పడానికి చేరాను. ఫ్లాపీలు చొక్కా జేబులో పెట్టుకొని తిరిగే రోజులు. కొన్నాళ్లకు ఒక పత్రికతోపాటు, విండోస్‌కు బదులుగా కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ సీడీ ఊరికే వచ్చింది. అది ఎక్కించడానికి నాకు మూడు రోజులు పట్టింది. డిస్కును ముక్కలుగా విడగొట్టడానికి, ఒక డిస్కులో ఉన్నదంతా ఇంకో డిస్కులోకి ఉన్నదున్నట్టు దించడానికి అందులో చిన్న చిన్న పనిముట్లు ఉండేవి. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసి, ఎవరైనా వాడుకోండి, విప్పి చూసుకోండి అని వదిలేసినవి. నల్లటి తెర మీద ఒక్క వరస టైపు చేస్తే చాలు, పని మొదలవుతుంది. 'నిజంగానే చెరిపేయాలా' అని రెండోసారి అడగవు. నాకు వాటిలో నచ్చింది అదే. అడగకుండా నమ్మేవి.

అందుకే క్లాసులో ఒక మాట పదేపదే చెప్పేవాణ్ణి. రాసే ముందు జాబితా చూడండి. ఏది మొదటి డిస్కు, ఏది రెండోది, దేని సైజు ఎంత అన్నది తెర మీద వేలు పెట్టి చదవండి. చదివాకే ఎంటర్ కొట్టండి. వెనక బెంచీ పిల్లలు నేను నోరు తెరవకముందే ఆ మాట నా గొంతుతో అనేవాళ్లు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో పుంగనూరులో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ వాళ్లు నన్ను పిలిపించారు. వాళ్ల పని బోరుబావుల సర్వే. చౌడేపల్లె, సదుం, పెద్దమండ్యం పల్లెల్లో తిరిగి, ప్రతి బోరు ఎన్ని అడుగులు వేశారు, ఎన్నో అడుగులో తడి తగిలింది, ఎప్పుడు ఎండిపోయింది అని రాసుకొచ్చేవాళ్లు. ఆ రైతును బోరు పక్కన నిలబెట్టి ఒక ఫోటో కూడా తీసేవాళ్లు. అన్నీ కలిపితే ఎక్కడ చెక్‌డ్యామ్ కట్టాలో చూపించొచ్చని డైరెక్టరు ఆశ. ఆ ఫారాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే పని ఒకామెది.

ఆమెకు ముప్పై అయిదేళ్లుంటాయి. నాకంటే అయిదారేళ్లు పెద్ద. చౌడేపల్లె దగ్గర ఒక పల్లెలో సేద్యం చేసుకునే ఇంటి ఆడపడుచు. పెళ్లయిన నాలుగేళ్లకు భర్త పోతే పుట్టింటికి వచ్చి, అన్నావదినల దగ్గర ఉండేది. నేను అక్కా అని పిలిచేవాణ్ణి. మొదట్లో సార్ అనేది, తర్వాత అప్పా అనడం మొదలుపెట్టింది. పొద్దున బస్సుకు వచ్చి, సాయంత్రం బస్సుకు పోయేది. సెలవు పెట్టేది కాదు. ఒకసారి ఎందుకని అడిగితే, "ఇంట్లో ఉంటే నేను యాడ కూర్చున్నా ఎవురికో ఒకరికి అడ్డమేనప్పా. ఈడ నాకొక కుర్సీ ఉండాది" అంది.

ఆ ఆఫీసు కంప్యూటర్లో లినక్స్ ఎక్కించింది నేను. లాగిన్ తెర ముచ్చటగా ఉండాలని, పనిచేసే నలుగురి పేర్లూ వరసగా, పక్కన ఒక్కో చిన్న బొమ్మతో కనిపించేలా చేశాను. ఎవరి బొమ్మ మీద వాళ్లు నొక్కి పాస్‌వర్డ్ కొట్టాలి. మిగతా ముగ్గురూ ఫుట్‌బాలు, పెంగ్విన్, పువ్వు పెట్టించుకున్నారు. ఆమె మాత్రం సర్వేలో తీసిన ఒక ఫోటో వెతికి ఇచ్చింది. పైపులోంచి నీళ్లు దూకుతున్న బోరు. "నీళ్లు పడిందే పెట్టప్పా. ఎండినవి సూసి సూసి కండ్లు మండుతాండాయి" అంది.

మూడో ఏడాది ఒక పొద్దున మదనపల్లె సెంటరుకు ఆమె ఫోన్ చేసింది.

"నీ వాచ్‌మన్ నన్ను లోపలికి ఇడవడం లేదప్పా."

"ఏ వాచ్‌మనక్కా?"

"అదే, మొదట బొమ్మలతో వస్తాడే, వాడు. పేరు సెప్తే సరే అంటాడు. పాస్‌వర్డ్ కొడితే సరే అంటాడు. తలుపు తీసినట్టే తీసి, మల్లా తెచ్చి వాకిట్లోనే నిలబెడతాడు. పొద్దుట్నుంచీ ఇరవైసార్లు ఇదే ఆట."

ఆమె చెప్పింది అక్షరాలా సరిగ్గా ఉంది. తెర ఒక్క క్షణం నల్లబడి, మళ్లీ అవే నాలుగు బొమ్మలు. పాస్‌వర్డ్ తప్పయితే తప్పని చెబుతుంది. ఇది ఏమీ చెప్పదు, వెనక్కి తెస్తుంది, అంతే. డిస్కు పూర్తిగా నిండిపోతే ఇలా జరుగుతుంది. లోపలికి పోయినవాడు కూర్చోవడానికి ఒక చిన్న ఫైలు రాసుకోవాలి. దానికీ చోటు లేకపోతే మళ్లీ బయటికే. రైతుల ఫోటోలు డిస్కును నింపేశాయి. దీనికి మందు ఇంకో పెద్ద డిస్కు. పాతదాంట్లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి దించి, కొత్తదాన్ని దాని చోట పెట్టాలి. అప్పటిదాకా ఇంకెక్కడా నకలు లేదు. సీడీల్లోకి రాసిపెట్టమని ఆమె రెండు మూడు సార్లు అడిగింది. వచ్చే నెల అన్నాను, ప్రతిసారీ.

డిస్కు కొని తీసుకుపోయాను. ఆ ఆఫీసులో ఏ కొత్త వస్తువు వచ్చినా, ఫ్యానయినా సైకిలయినా, పసుపు కుంకుమ పెట్టి ఊదుబత్తి తిప్పిన తర్వాతే వాడేవాళ్లు. మామూలుగా ఆ పని డైరెక్టరు భార్య చేసేవారు. ఆ రోజు ఆవిడ ఊళ్లో లేరు, డైరెక్టరు చిత్తూరు పోయారు, సర్వేవాళ్లు పల్లెల మీద పడ్డారు. ముసలి అటెండరు కుంకుమ పొట్లం, ఊదుబత్తులు టేబుల్ మీద పెట్టి, "అమ్మగారు లేరే, ఎవురు పెడతారు?" అని చుట్టూ చూశాడు. గదిలో ఉన్నది ఆమె, నేను. అతను ఆమె వైపు చూసి చూడనట్టు తల తిప్పుకొని, పూలు తెస్తానని బయటికి పోయాడు.

ఆ తల తిప్పుకోవడం నాకు కనిపించింది. నేను చదువుకున్నవాణ్ణి, అలాంటివి నమ్మేవాణ్ణి కాదు. నమ్మనని చూపించుకోవడం నాకు సరదా కూడా.

"అక్కా, నువ్వే పెట్టు."

"నేనా? వద్దులే అప్పా. యాల లేనిపోనివి?"

"ఎందుకు వద్దు? మూడేండ్లు దీంట్లో పనిచేసింది నువ్వు. ఇంకెవరు పెట్టాలంటావు?"

ఆమె వాకిలి వైపు ఒకసారి చూసింది. నవ్వింది. పొట్లం విప్పింది. అప్పటికే కంప్యూటర్ డబ్బా తెరిచి, పాత డిస్కు బయటికి తీసి, కొత్తదాని పక్కనే పేపరు పరిచి పెట్టి ఉన్నాను. రెండూ ఒకే కంపెనీవి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. సైజు మాత్రం వెనక చీటీ మీద చిన్న అక్షరాల్లో. నేను వంగి, డిస్కు వెనక అమర్చే చిన్న ప్లాస్టిక్ ముక్క కిందపడితే వెతుకుతున్నాను. ఏ డిస్కు మొదటిది, ఏది రెండోది అని యంత్రానికి చెప్పేది ఆ ముక్కే.

అప్పుడు ఆమె అంది, "కొత్తదానికి కాదప్పా, పాతదానికే పెట్టినాను. మన బోర్లన్నీ దాంట్లోనే కదా ఉండేది. కొత్తది ఏం సేసిందని దానికి బొట్టు?"

నేను నవ్వాను. "మంచి న్యాయమే అక్కా" అన్నాను.

విన్నాను. ఈ ఒక్క మాట రాయడానికే ఇదంతా రాస్తున్నాను. ఆమె చెప్పింది, నేను విన్నాను, జవాబు కూడా ఇచ్చాను.

ముక్క దొరికింది. ఆలోగా అటెండరు చామంతులు తెచ్చాడు, ఊదుబత్తి తిప్పాడు, డిస్కులు రెండూ అటూ ఇటూ జరిగాయి. నేను చేతిలోకి తీసుకున్నప్పుడు ఒకదాని మీద బొట్టుంది, ఇంకోదాని మీద లేదు. మన ఊళ్లలో బొట్టున్నది కొత్తది. ఎన్ని బీరువాలకు, మోపెడ్లకు, మిక్సీలకు చూసి ఉంటాను. చేతులు వాటంతటవే పనిచేశాయి. బొట్టు లేనిదాన్ని మొదటిదిగా, బొట్టున్నదాన్ని రెండోదిగా బిగించాను. లినక్స్ సీడీతో కంప్యూటర్ నడిపి, మొదటిదాంట్లో ఉన్నది రెండోదాంట్లోకి దించు అని ఒక్క వరస కొట్టాను. జాబితా చూడలేదు. అడగని పనిముట్టు, అడగలేదు.

టీ తాగి వచ్చి, ఎంతవరకు వచ్చిందో చూద్దామని ఇంకో నల్ల తెర తెరిచి, అప్పుడు జాబితా అడిగాను. మొదటి డిస్కు పెద్దది, రెండోది చిన్నది. వేలు పెట్టి చదివాను. మళ్లీ చదివాను. ఖాళీ డిస్కును తీసుకొచ్చి మూడేళ్ల బోర్ల మీద పోస్తున్నాను. ఆపే మీటలు నొక్కేసరికి సగం పైగా పోయింది.

ఆమె పక్కనే కుర్చీలో కూర్చొని, "అయిపోయిందా అప్పా?" అని అడిగింది. చిన్న ఇబ్బంది వచ్చింది, నువ్వు ఈ పొద్దు ఇంటికి పో అన్నాను.

మరుసటి రోజు డైరెక్టరు గదిలో ముగ్గురం. ఆయన చెడ్డ మనిషి కాదు. నన్ను, "ఎట్ల జరిగిందయ్యా?" అని అడిగారు. నేను, "బొట్టు పాతదానికి పడింది సార్. గుర్తు తారుమారయింది" అన్నాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అలాంటి మాట ఎంచుకోవడానికి రాత్రంతా నిద్రపోలేదు.

ఆమె నెమ్మదిగా అంది, "నేను సారుకు సెప్పే పెట్టినాను సార్. పాతదానికి పెట్టినానని సెప్తే నవ్వినారు కూడా."

డైరెక్టరు నా వైపు తిరిగారు. "చెప్పిందా?"

ఆ గదికి ఒకే కిటికీ, దానికి ఎదురుగా నేను. అవునంటే నా సెంటరు పోతుంది, ఊళ్లో నా పేరు పోతుంది, రాసే ముందు చూడు అని చెప్పే నోరు పోతుంది. కాదంటే కళ్లెదుట అబద్ధం. మధ్యలో ఒక సందు కనిపించింది.

"నాకు గుర్తు లేదు సార్."

ఆమె నన్ను చూసింది. కోపంగా కాదు. తూకం చూసుకునేవాళ్లలాగా, తను తప్పు విన్నదా అన్నట్టు చూసింది. తర్వాత తల దించుకొని, "ఫారాలు ఉండాయి కదా సార్, మల్లా ఎక్కిస్తాను. ఆదివారాలు కూడా వస్తాను" అంది. డైరెక్టరు చూద్దామమ్మా అన్నారు. వారం తిరక్కముందే ఇక పనికి రావద్దన్నారు. ఆ వారంలో ఆఫీసులో ఏమేం మాట్లాడుకున్నారో నాకు తెలుసు. అటెండరు ఆ రోజు తను తల తిప్పుకోవడం ఎంత సబబో అందరికీ చెప్పాడు. ఆమె చేత పెట్టించింది ఎవరని అడిగినవాళ్లు లేరు. నేనే అని నేను అనలేదు.

నేను మాత్రం ఇరవై రోజులు కంప్యూటర్ గదిలో, ఆమె కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాను. పోయిన ఫైళ్లను వెతికి తీసే పనిముట్టు ఒకటి ఉంది, అదీ ఊరికే దొరికేదే. అది మిగిలినదాన్ని జల్లెడ పట్టి ముక్కలు తెచ్చేది. పేర్లుండవు, అంకెలే. ఒక ముక్కలో 'ఆరువందల నలభై అడుగులు, తడి లేదు' అని ఉంటుంది, ఎవరి బోరో ఉండదు. ఇంకో ముక్కలో సదుం అని ఉంటుంది, అంతే. ఫోటోలు కొన్ని సగం వచ్చాయి. తలా భుజాలూ ఉంటాయి, కింద బూడిద రంగు పట్టీ. రోజంతా మెడ వరకు పాతేసినట్టున్న ఆ రైతుల మొహాలు చూస్తూ కూర్చునేవాణ్ణి. లేచి పోవడానికి వీల్లేదు. పోతే నా తప్పని ఒప్పుకున్నట్టు. ఉంటే వాళ్లు నన్ను మెచ్చుకుంటున్నారు, పాపం ఎంత కష్టపడుతున్నాడో అని.

చివరికి కొత్త డిస్కు మీద అంతా మళ్లీ ఎక్కించాను. ఫారాలు మళ్లీ కొట్టడానికి ఇంకెవరినో పెట్టుకున్నారు. లాగిన్ తెర సిద్ధం చేస్తుంటే డైరెక్టరు, "ఆమె పేరు తీసెయ్యవయ్యా, కొత్త అమ్మాయిది పెట్టు" అన్నారు. తీసేశాను. ఒక్క వరస ఆదేశం. అదీ రెండోసారి అడగదు. నీళ్లు దూకే బోరు బొమ్మ వరసలోంచి పోయి, మిగిలిన బొమ్మలు దగ్గరికి జరిగాయి.

మదనపల్లె క్లాసులో ఒక రోజు, రాసే ముందు చూడండి అని చెబుతుంటే ఒక పిల్లవాడు నవ్వాడు, ఎందుకో ఈ కథ చెప్పేశాను. నన్ను 'కంప్యూటరాయన' అని మూడో మనిషిని చేసి చెప్పాను. క్లాసు పగలబడి నవ్వింది. ఆ నవ్వు వచ్చినప్పుడు నాకు ఊపిరి ఆడింది. అందుకే తర్వాతి బ్యాచ్‌కూ చెప్పాను, ఆ తర్వాతదానికీ. చెప్పిన ప్రతిసారీ ఆమె కొంచెం తెలివితక్కువదైపోయింది, ఆయన కొంచెం పాపం అనిపించేవాడయ్యాడు.

కొన్నేళ్లకు కుప్పంలో పని దొరికింది. పుంగనూరు తప్పుతుందనుకున్నాను. తప్పలేదు. మదనపల్లె నుంచి కుప్పం పోయే బస్సు పుంగనూరు బస్టాండులో ఆగాల్సిందే. వారానికి రెండుసార్లు, ఆగిన ఆ పది నిమిషాలూ కిటికీ పక్క సీట్లో పేపరు అడ్డం పెట్టుకొని కూర్చునేవాణ్ణి.

ఒక సోమవారం ఆమె ఎక్కింది. బస్సు నిండుగా ఉంది, నా పక్కన ఒక్క సీటే ఖాళీ.

"ఏమప్పా, బాగుండావా? సన్నబడినావే."

బాగున్నానక్కా అన్నాను. పలమనేరులో చిన్నమ్మకు ఒంట్లో బాగాలేదట, చూడ్డానికి పోతోంది. వానల గురించి మాట్లాడింది, టమాటా గురించి మాట్లాడింది. ఊరు దాటాక ఒడిలో సంచి సర్దుకుంటూ అంది, "మా అన్న పోయినేడు ట్రాక్టర్ కొన్నాడు. పూజ నాడు మా వదిన, లోపల పాలు పొంగుతాండాయేమో సూడమ్మా అనింది. పొయ్యి మీద పాలే లేవు."

నేను పేపరు మడత పెట్టాను.

"ముందు ఇట్ల లేరప్పా మావోళ్లు. మా అన్న కొడుకు మీ మదనపల్లెలోనే యాడనో కంప్యూటర్ నేర్చుకున్న్యాడు. ఆడ ఎవురో కథ సెప్పినారంట. ఇంటికొచ్చి సెప్పి నవ్వినాడు. ఆ కథలో ఉండేది నేనని వానికి తెల్దు, మా అన్నకూ వదినకూ తెలిసిపోయింది."

బస్సు మలుపు తిరిగింది. నాకు ఒక పక్క కిటికీ కడ్డీలు, ఇంకో పక్క ఆమె.

"ఒకటి అడుగుతా, సెప్పు. ఆ పొద్దు నీకు సెప్పినానా, లేదా? సెప్పినాననే అనుకుంటా. మల్లా ఒక్కోసారి, సెప్పల్యేదేమో, సెప్పాలనుకొని ఊరుకున్నానేమో అనిపిస్తాది. నీకు గుర్తు లేదంటివి కదా. నువ్వు సదువుకున్నోడివి. నాకే బుర్ర సరిగ్గా లేదేమోనని ఇన్నేండ్లుగా దాన్నే తిప్పి తిప్పి సూసుకుంటాండా."

ఉద్యోగం పోగొట్టానని తెలుసు. ఆమె జ్ఞాపకాన్ని కూడా తీసేసుకున్నానని అప్పటిదాకా తెలియదు.

"చెప్పినావక్కా."

"సెప్పినానా?"

"చెప్పినావు. మంచి న్యాయమే అని నేను నవ్వినాను కూడా."

ఆమె ముందు సీటు కడ్డీ పట్టుకుంది. తర్వాత, "అయితే నా బుర్రకేం కాల్యేదు" అంది, తనకే చెప్పుకున్నట్టు. పలమనేరులో దిగేటప్పుడు నా వైపు చూడకుండా, "ఈ మాట మా ఇంటికొచ్చి సెప్పు. బస్సులో నాకు సెప్తే ఏమొస్తాది" అంది.

వస్తానన్నాను. వెళ్లడానికి నాకు రెండేళ్లు పట్టింది. రెండుసార్లు పుంగనూరు దాకా పోయి, చౌడేపల్లె ఆటోల దగ్గర నిలబడి వెనక్కి వచ్చాను. మూడోసారి ఎక్కాను.

వాళ్ల అన్న వసారాలో మంచం మీద కూర్చొని ఉన్నాడు. చెప్పాను. బొట్టు పెట్టమన్నది నేను, పాతదానికి పెట్టానని ఆమె చెప్పింది, నేను విన్నాను, చూడకుండా రాసింది నేను, గుర్తు లేదని అబద్ధం చెప్పింది నేను, నవ్వులకు కథ అల్లింది నేను అని చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నాడు. "ఎప్పటి మాటలోలే అప్పా, పోనీ. అందరం మర్సిపోయినాం. కాఫీ తాగు" అన్నాడు. మర్చిపోవడం ఆయనకు ఎంత సులువో చూస్తే, నా మాట గాల్లోకి పోయినట్టనిపించింది. లేవబోయాను.

ఆమె గడపలోకి వచ్చింది. నాకు కాఫీ ఇవ్వలేదు.

"కూసో. ఇంకోసారి సెప్పు. వదిన ఇనల్యేదు" అంది.

వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి గోడకు ఆనుకొని నిలబడింది. మొదట్నుంచీ మళ్లీ చెప్పాను. ఆమె మధ్యలో ఒకచోట ఆపి, "నవ్వినానని సెప్పు, అది ఇడిసిపెట్నావు" అని దిద్దింది. అదీ చెప్పాను. వదిన నేల చూస్తూ ఉంది.

అయిపోయిందనుకున్నాను. ఆమె చెప్పులేసుకొని వాకిట్లోకి దిగింది.

"పోవద్దు, ఆడే ఉండు. మావోడు సేన్లో ఉండాడు, పిల్సుకొస్తా. ఆ కథ ఇంటికి తెచ్చినోడు వాడే కదా."